ఎర్ర హెల్మెట్

స్తమాతిస్ భార్యను చంపింది ఆమె తమ్ముడు లంబ్రోస్. స్తమాతిస్‌కు అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. గ్రీసు ఉత్తరాన మెట్సోవో కొండల నుంచి దక్షిణాన పెలొపొనీస్ దాకా రెండు మోటార్‌సైకిళ్ల మీద తొమ్మిది రోజులు తిరిగి, ఆఖరి రోజు పొద్దున, ఊరికి పన్నెండు కిలోమీటర్ల ముందు కాఫీ కొట్టు దగ్గర ఇద్దరూ ఆగారు.

“హెల్మెట్ తియ్యి బావా. కాఫీ తాగవా?”

“మూతి కనపడుతోందిగా. తాగుతాను.”

“అందరూ నవ్వుతున్నారు. చూడు, ఆ బల్ల దగ్గర ముగ్గురికీ హెల్మెట్లు మోచేతికే ఉన్నాయి.”

“మోచేతులు బతుకుతాయి వాళ్లవి.”

“మూడేళ్ల కిందట మనం ముగ్గురం కూర్చున్నది ఈ బల్ల దగ్గరే. అక్క ఆ గోడ వైపు—”

“తెలుసు.”

“‘తెలుసు’, ‘పద’, ‘పక్కకి తప్పుకో’. తొమ్మిది రోజుల్లో నాతో నువ్వు మాట్లాడింది ఇంతే. నీకంటే మేకలు నయం.”

“మేకల ఊసెత్తకు. ఆ రోజు బండికి మేకలు అడ్డం వచ్చాయని పోలీసులకి చెప్పుకున్నావు, చాలు.”

“వచ్చాయి బావా! నలభైలో పోతున్నాను, నలభై. బండి పక్కకి ఒరిగింది. నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే.”

“నీకు అంతే.”

“అది కాదు నేనన్నది—”

“నీ తల మీద హెల్మెట్ ఉంది. మీ అక్క అసిమీనా తల మీద లేదు. ఉంటే లేచి నడిచి వచ్చేదన్నాడు డాక్టరు. ఎవరి బండి అది?”

“నీ వెనక టైరు అరిగిందని నా బండి ఎక్కమన్నది నువ్వే కదా!”

“ఎక్కమన్నాను. చంపమనలేదు.”

“సరే. నాదే తప్పు. నేను పెట్రోలు కొట్టించుకుని వచ్చేసరికి ఉత్త తలతో ఎక్కి కూర్చుంది. ‘హెల్మెట్ ఏదక్కా’ అంటే ‘ఊరొచ్చేసిందిలే, పోనీరా’ అంది. పోనిచ్చాను. ఈ మాట ఎవరి దగ్గరా దాచలేదు నేను.”

“దాచకపోతే మాత్రం బతికొస్తుందా?”

“రేపు ఆదివారం బావా.”

“తెలుసు.”

“మూడేళ్లు నిండాయని, ఆచారం ప్రకారం రేపు అక్క ఎముకలు సమాధిలోంచి పైకి తీస్తారు. అమ్మ తన చేత్తో వైన్ పోసి కడుగుతుంది. నన్ను మాత్రం శ్మశానం గేటు దగ్గరికి కూడా రావద్దని ఫాదర్ చేత కబురు పెట్టింది. సొంత తమ్ముణ్ణి. ఆ ఎముకల పెట్టె మొయ్యాల్సినవాణ్ణి.”

“ఆవిడ ఇష్టం.”

“ఆవిడ ఇష్టం కాదు, నీ మాట! ‘నీ కొడుకే చంపాడు’ అని ఆవిడతో అన్నావు. మూడేళ్లయింది నేను ఆ గుమ్మం తొక్కి. ఎనభై ఎనిమిదేళ్లు అమ్మకి. ఒక్క మాట చెప్పు బావా. ‘వాడి తప్పు లేదు’ అను. దానికోసమే తొమ్మిది రోజులు నీ బండి పొగ మింగుతూ వెనకాల వచ్చాను.”

“నేను వచ్చింది మీ అక్క తిరిగిన దారి మళ్లీ చూడ్డానికి. నీకోసం కాదు.”

“పోనీ అక్క హెల్మెట్ దొరికినా బాగుండేది.”

“దొరికితే?”

“ఏమో. బండికి తగిలించిందేమో, పడ్డప్పుడు ఎగిరిపోయిందేమోనని ఆ లోయలో ఎన్నిసార్లు దిగానో! ముళ్లపొదలు నరికి మరీ వెతికాను. అంత ఎర్రటిది ఎక్కడికి పోతుంది? వచ్చే వారం మళ్లీ—”

“వెతకడం మానెయ్.”

“ఎందుకు మానాలి?”

“లేచి నా బండి పెట్టె తెరువు.”

“తాళం ఇవ్వు.”

“వెయ్యలేదు. తొమ్మిది రోజులూ వెయ్యలేదు. నువ్వే చూడలేదు.”

“వాన కోటు... చొక్కాలు... ఏం చూడమంటావు ఇందులో— బావా.”

“ఊఁ.”

“బావా, ఇది ఎర్రది.”

“ఊఁ.”

“లోపల అక్క తలగుడ్డ ఉంది.”

“ఉంటుంది. నేను ముట్టుకోలేదు.”

“నీ దగ్గరికి ఎలా—”

“ఆ రోజు నువ్వు పెట్రోలు బంకులో ఉన్నావు. మీ అక్క హెల్మెట్ పెట్టుకోబోయింది. ‘తియ్యవే, ఊరొచ్చేసింది, మొహం కనపడనీ, ఊళ్లో కాఫీ కొట్టు ముసలాళ్లు దొంగలనుకుంటారు’ అన్నాను. వద్దంది. లాక్కుని నా మోచేతికి తగిలించుకుని ముందు వచ్చేశాను.”

“నువ్వా?”

“ఊళ్లో బండి ఆపి మీ కోసం చూశాను. అరగంట. ఆ హెల్మెట్ నా మోచేతికే ఉంది.”

“మూడేళ్లు... మూడేళ్లు నన్ను హంతకుణ్ణి చేసి... రేపు చెప్తావు కదా? ఎముకలు తీసేముందు, అమ్మతో, ఒక్క మాట—”

“చెప్పను.”

“బావా!”

“నువ్వు చెబితే అబద్ధమంటాను. ఆవిడ నమ్మేది నన్నే. పెట్టె మూసి బండెక్కు. ఈ సంగతి నీకు ఒక్కసారి చెప్పాను. చచ్చేదాకా ఇంకెవరికీ చెప్పను, నీక్కూడా.”