బర్నబాస్ గారి చేతిరాత

ఏంటమ్మా సౌజన్యా, శుభలేఖకి ఈ అక్షరాలే కావాలా? మంచివాటినే పట్టావు. కంప్యూటర్లో వాటికేదో ఇంగ్లీషు పేరుంది గానీ, అవి మన తెనాలి బర్నబాస్ గారి చేతిరాత. నిజం! బళ్ళో డ్రాయింగు మాస్టారు. పోయి పద్దెనిమిదేళ్లయింది. నా ప్రెస్సులో శుభలేఖలన్నీ ఆయనే రాసేవారు, ఆ రాతని బ్లాకు చేయించి అచ్చేసేవాళ్లం. ఆ వంపులేంటి, ఆ తోకలేంటి! తలకట్టు పెట్టారంటే కొంగ రెక్క విప్పినట్టే. కూర్చో, నిలబడ్డావేం? ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఏం చెప్తున్నాను? ఆఁ, ఫ్లోరెన్సమ్మ గారు. ఆయన భార్య, పుట్టిల్లు బాపట్ల. ఆవిడ చెల్లెలి పెళ్లికార్డూ ఈయనే రాశారు. సొంత మరదలి పెళ్లి కదా, ఇంకాస్త సొగసులు దిద్దారు. పెళ్లి ఇక్కడే తెనాల్లో, పదకొండో తేదీ. రెండో ఒకటికి ఎంత కొక్కెం తిప్పారంటే, అది ఏడైపోయింది! బాపట్ల మేనమామలూ వాళ్ల ఆడవాళ్లూ ఇరవైమంది పదిహేడో తేదీన సింగారించుకుని వ్యాను దిగారు. "పెళ్లేదయ్యా?" అన్నారు. పెళ్లికూతురు అప్పటికే రేపల్లెలో అత్తగారింట్లో చేపల పులుసు కాస్తోంది. ఆ రోజు నుంచి ఫ్లోరెన్సమ్మ గారు ఆయనతో మాట మానేశారు. కంచం పెట్టడం, లోపలికెళ్లిపోవడం. నాలుగు నెలలు! "హనుమయ్యా, ఇల్లు పాటల్లేని చర్చిలా ఉందయ్యా" అని నా దగ్గర వాపోయేవారు.

అప్పుడే గుంటూరు నుంచి జీవన్ కుమార్ అని ఒకాయన వచ్చాడు. "మాస్టారూ, మీ రాతని కంప్యూటర్లోకి ఎక్కిస్తానండి, అన్ని అక్షరాలూ రాసివ్వండి" అన్నాడు. అప్పటికే ఈయనకి చెయ్యి వణుకు మొదలైంది, పొద్దున్నే ఓ గంట మాత్రం నిలకడగా ఉండేది. ఆలస్యమైతే ఆ రాత ఇక లేనట్టే. ఆయనేమో, "ఒంటరి అక్షరం బిగుసుకుపోతుందండి, మాటలో పడితేనే నడుస్తుంది" అని అక్షరానికో మాట రాశారు. ఇరవై రోజులు పట్టింది. 'క్ష' దగ్గరికొచ్చేసరికి "క్షమించు ఫ్లోరెన్సూ" అని రాసి, ఆరడానికి మంచం మీద పరిచారు. ఆవిడ చూశారు. "ఇది కంప్యూటరుకా, నాకా?" నాలుగు నెలల తర్వాత మొదటి మాట అదీ! "ఇద్దరికీనూ" అన్నారట ఈయన. "అయితే ఆ ఒకటి అంకె కూడా ఇప్పుడే, నా ముందు రాయండి" అని పక్కన నిలబడి రాయించారు. చూడు, అక్షరాలన్నీ వయ్యారాలు పోతుంటాయి, ఆ ఒకటి అంకె మాత్రం చేతికర్రలా నిలబడుంటుంది. నవ్వుతావేం, చూడు!

ఆయన పోయాక ఓ క్రిస్మస్ ముందు ఆవిడ ప్రెస్సుకొచ్చారు. "తమ్ముడూ, ఊరందరికీ రాశారు ఆ మనిషి, నాకో ఉత్తరం రాసింది లేదు. ఆ అక్షరాల్లో ఓ ముక్క కొట్టివ్వు" అన్నారు. ఏం కొట్టమంటారండీ అంటే, "ఫ్లోరెన్సూ, మందేసుకున్నావా, చలిలో తిరగమాకు" అని ఆవిడే చెప్పారు. కొట్టిచ్చాను. అప్పట్నుంచి ఏటా వచ్చేవారు. చూపు తగ్గేకొద్దీ, "ఇంకాస్త పెద్దవి చెయ్యి తమ్ముడూ, ఇంకాస్త" అనేవారు. ఆఖరిసారి కాగితం మీద రెండు మాటలే పట్టాయి. "తిన్నావా, ఫ్లోరెన్సూ?"

...ఇదిగో, కార్డు ఏ రంగో చెప్పనేలేదు నువ్వు.