ఆశన్న జీపుకు ఇంటికో కుంచెడు

ఏంది నిఖిల్, మొఖం గట్ల ఏలాడేసినవ్? ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచేనా? మల్ల పెంచిండ్రా? పెంచరా మరి, పెద్ద టైర్లేసి గుట్టలెక్కించే బండాయె నీది. కూసో. చాయ్ తాగుతవా? వద్దా. ఆశన్న కూడ ఏడాదికోపారి గీ చంద్రపూర్‌కు వచ్చి, కాయిదం జేబుల పెట్టుకొని గిట్లనే పోతుండె. నువ్వు సూడలే ఆయన్ని, పోయి పదకొండేండ్లాయె. కోర్పన దాటినంక గుట్ట మీది మా ఊర్ల జీపున్నది ఆయనొక్కనికే. నాకు బామ్మర్ది వరస. నవ్వితే కండ్లు మూసుకపోతుండె. గా జీపుల గుట్ట దిగుతుంటే రెండు పక్కల మోదుగుపూలు, అడివికి ఎవరో దీపాలు పెట్టినట్టు... ఏం జెప్తున్న? ఆ, కాయిదం. మొదటి ఏడు బండకు తాకి యాక్సిల్ ఇరిగితే కంపెనీ బాగు చేయించింది, మల్లేడు రేటు పెంచింది. బురదకని పెద్ద టైర్లేస్తే ఇంకింత పెంచింది. మధుకర్ అని ఏజెంటు, "పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు ఆశన్నా, ఊకె థర్డ్ పార్టీ కట్టు" అనె. ఈయన, "లోయల పడితే మా ఊరికి ఇంకో బండి ఎవడిస్తడు మధుకర్ భావు?" అనె. గా ఏడు రెండు మేకలమ్మి కట్టిండు. పెండ్లాం లక్ష్మీబాయి ఊకుంటదా, "నా కన్న నీకు గా జీపే ఎక్కువాయె, దాని కాడనే పండుకో పో" అని దెప్పుతుండె.

మనిషికి రూపాయి తీసుకోలే ఆయన. కాని మా దిక్కు ఒకని బండి ఊకె ఎక్కుడంటే నామోషి. జొన్నల కల్లం అయినంక ఇంటికో కుంచెడు తీస్కపోయి జీపులనే పోస్తుంటిమి. అవి అమ్మి డీజిలు పోసుకునేది. ఒక శ్రావణంల మా బిడ్డ మల్లమ్మను కాన్పుకు దించి, ఖాళీ బండితోని ఎక్కుతుంటే మట్టి జారింది. దుంకిండు కాబట్టి ఆయనకు చెయ్యే ఇరిగింది, జీపు మాత్రం లోయల. ఇన్సూరెన్స్ పైసలొస్తేనే మల్ల బండి. కంపెనీ సర్వేయర్ వచ్చిండు. ఊరంత కూడినం. "ఎవల దగ్గర రూపాయి తీసుకోను సాబ్" అన్నడు ఆశన్న, నిజమే గద. సర్వేయర్ మా దిక్కు తిరిగి నవ్విండు. "అయితే మీరంత ఫుకట్‌ల తిరిగెటోళ్లా?" అన్నడు.

నేనే లేచిన. "ఫుకట్‌గాళ్లం కాదు సాబ్, ఊకె ఎక్కలే, ఇంటికో కుంచెడు కొలిచి పోసినం, ఒక్కేడు తప్పలే." ఇంట్లకు పోయి కుంచం తెచ్చి సూపెట్టిన కూడ. అందరు అవునంటే అవునన్నరు. ఆయన రాసుకున్నడు, అందరికన్న ముందు నేనే సంతకం పెట్టిన. ఆశన్న నేల సూస్తుండు, నాకు అర్థం కాలే. నెలకు మరాఠీల చిట్టి వచ్చింది. సొంతానికని ఇన్సూరెన్స్ తీసుకొని కిరాయికి తిప్పిండు, పైసలు రావు అని. కిరాయి అంటడు రా, జొన్నలను.

ఆశన్న నన్ను ఒక్క మాట అనలే. "నువ్వు అబద్ధం చెప్పలే గద బావా" అన్నడు, గంతే. తిట్టినా బాగుండు. జీపు లోయలనే ఉండిపాయె, దాని మీద తీగలు పారినయ్. మల్లేడు వానల పత్తి చేన్ల పాము ముట్టింది ఆయన్ని. మంచం మీద ఏసుకొని నలుగురం దిగినం. మూడు కోసుల తొవ్వ, మోకాలి దాక బురద. సగం దూరం దాక మాట్లాడిండు. "బుజం మార్చుకో బావా, నొస్తది" అన్నడు నాతోని. కింద డాంబర్ రోడ్డు మీద దించి, వాన పడకుండ నా తువ్వాల మొఖం మీద కప్పిన. బస్సు ఆగింది. డ్రైవర్ దిగి, తువ్వాల లేపి సూసిండు. మల్ల మెల్లగ కప్పిండు...

పో బిడ్డా. మీ ఇంట్ల అన్నానికి ఎదురు సూస్తుంటరు.