కొంగ మార్కు తాడు

మార్చి పదకొండు, మంగళవారం, పొద్దుట్నుంచీ ఈదురుగాలి. ఎండ లేదు, వాన లేదు, ఒట్టి గాలి. ఈ మాట ఎంతమందికి చెప్పినా చెవిన పెట్టరేం వదినా? గాలికి తాడు తెగుతుందా అని నన్నే ఎదురడుగుతారు.

తలుపు దగ్గరగా వేస్తాను, ఏమనుకోకండి. మంచినీళ్ళు వద్దు. ముందు నన్ను చెప్పనివ్వండి.

ఆ రోజు రంగులేసే మేస్త్రీ నాలుగో అంతస్తు నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడా, తెగిన తాడుకి పసుపు చీటీ, చీటీ మీద కొంగ. ఇంకేం, అందరూ తిన్నగా అన్నయ్య తాళ్ళ షెడ్డుకే వచ్చారు. ముక్క ఆయన చేతిలో పెట్టారు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, విప్పి లోపల తన గుర్తుగా వేసే ఎర్ర పురి చూసుకున్నాడు. "నాదే" అన్నాడు. అంతే. నేను పక్కనే ఉన్నాను.

ఆయన పద్ధతి మీకు నేను చెప్పాలా? ఆ ఎర్ర పురికి రంగద్దిందే మీరు. ప్రతి తాడు చుట్టనీ దూలానికి కట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే గానీ చీటీ అంటించేవాడు కాదు. తాడుకే ఉరేస్తున్నావేమిటని ఎగతాళి చేసేవాణ్ణి. కాలేజీ చదువు నాది కదా, బరువులూ బలాలూ లెక్కలు కట్టి పరీక్షలు రాసినవాణ్ణి. ఆ పరీక్షలప్పుడు నా వెనక బల్ల మీద ఒకడుండేవాడు, వాడికి లెక్కలంటే... సరే, సరే, అది వద్దు. వస్తున్నాను.

అన్నయ్యతో విడిపోయాక నా షెడ్డు పెట్టాను. పేరు కొంగ రాజా. కొంగ అన్నది బారెడు అక్షరాల్లో, రాజా అన్నది చీమ తలకాయంత. అదే పసుపు చీటీ, అదే ఒంటికాలి కొంగ. ముక్కున మాత్రం చిన్న చేపని పెట్టాను, ఎవరైనా నిలదీస్తే వేరని చెప్పడానికి. అన్నయ్య చూసి, పోనీలేరా, నీ కొంగకైనా తిండి దొరికిందన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. లోపల ఎర్ర పురి కూడా వేశాను. అన్నీ చేశాను, బస్తాలొక్కటే కట్టలేదు. దండగనుకున్నాను.

ఆ ముక్క నాది వదినా.

అలా చూడకండి. చీటీ సగం చిరిగి, చేప ఉన్న వైపు పోయింది. మరి నాకెలా తెలుసంటారా? ఆ మేస్త్రీకి అమ్మింది నేనే. "కొంగదేగా బాబాయ్?" అని రెండుసార్లు అడిగాడు. తలూపాను.

అన్నయ్యే పోల్చుకోలేకపోయాడు, అంత బాగా చేశాను. తన బస్తాలే తనని మోసం చేశాయనుకున్నాడు. షెడ్డుకి తాళం వేశాడు, అన్నం సరిగ్గా తినడం మానేశాడు, ఏడు నెలల్లో పోయాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మీరైతే ఎర్ర రంగులో తేడా ఇట్టే పట్టేస్తారని, ఆ ముక్క మీ కంట పడకుండా చూసుకున్నాను. అదీ నేనే.

ఇప్పుడు వీధిలో తలెత్తలేను. ఎత్తితే ఎవడో ఒకడు తాడు పట్టుకుని వేలాడుతూ గోడ కడుగుతుంటాడు. అది అన్నయ్యదా, నాదా? నాకే తెలియదు. మొన్న ఒకణ్ణి దిగిరమ్మని కేకలేస్తే, కొంగ మార్కు తాతా, ఏం కాదని నవ్వాడు. వాడు నేల మీద కాలు పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. 

నేనమ్మిన ముప్పై ఎనిమిది చుట్టలు ఇంకా బయటే ఉన్నాయి. వెనక్కి తెచ్చివ్వండని పేపర్లో వేయిద్దామని, రాసుకుని ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. మెట్ల మీదే చింపేశాను. ఈ వయసులో జైలంటే భయం వదినా. మీరు పోలీసులకి చెప్తారా? చెప్పండి, కాళ్ళడ్డం పెట్టను. కానీ నన్ను పిలిచి అడిగితే, లేదనే అంటాను. ముందే చెబుతున్నాను.

వీలునామా మీరూ విన్నారుగా. షెడ్డూ ఈ ఇల్లూ మేస్త్రీ పెళ్ళాం పిల్లలకి రాశాడు, తప్పు తనదనుకుని. కొంగ బొమ్మా పేరూ నాకు రాశాడు. ఇక చట్టప్రకారం అసలు కొంగ నాదే. మీకేమీ రాయలేదు. తమ్ముడున్నాడుగా అన్నాడట.