ఎర్రకారు వెనక బల్బు

“అమ్మమ్మా, నీ మణికట్టు పైన ఈ గీత ఏంటి?”

ఇదా? కారు కోసింది. నవ్వుతావేంటే, నిజంగా కారే. చెయ్యిలా ఇవ్వు, గాజులేస్తా చెప్తాను. రేపు ఉద్యోగంలో చేరతా బోసి చేతుల్తో వెళ్తావా? బిగించకు, వదులుగా పెట్టు. మీ తాత చేతులొచ్చాయి నీకు, ఎముక పెద్దది.

మీ తాతకి బందరు బస్టాండు వెనక షెడ్డుండేది కదా, బండ్లకి కరెంటు పని. లైట్లు, హారన్లు, డైనమోలు, అవీ. నేనేమో గంప నెత్తినెట్టుకుని గాజులమ్మేదాన్ని. అప్పుడు డజను మట్టిగాజులు నాలుగు రూపాయలు... కాదు కాదు, నాలుగు మీ అమ్మ పుట్టినప్పటి రేటు, ఈ కారు సంగతప్పటికి ఎనిమిదయ్యింది. సర్లే. మీ తాతకి ఒకటే రూలు, నేను షెడ్డు వైపు రాకూడదు. ఆడమనిషి షెడ్డులో కనపడితే లారీవాళ్ళు నవ్వుతారంట. అదే మనిషి క్యారేజీ కట్టి పంపిస్తే ఎవరూ నవ్వరు, చూశావా.

అవి రొయ్యల గుంటలు తవ్విన కొత్తలు. కోడూరు వైపు వరిపొలాలన్నీ గుంటలు చేసేశారు. అక్కడొకాయన, మేం రొయ్యల బాబుగారనేవాళ్ళం, ఆయన లారీలు ఆరూ మీ తాత దగ్గరికే వచ్చేవి. మా పొయ్యి వెలిగేది ఆ లారీల మీదే. ఆయనకి డబ్బెక్కువై మద్రాసులో ఓ పాత రేసు కారు కొన్నాడు. ఎర్రది, రెండే తలుపులు, ఎత్తు చూస్తే మన మొలదాకా కూడా ఉండదు. కోడూరు రోడ్డు గుంతల్లో అది పొట్ట నేలకి రాసుకుంటా బాతులాగా వచ్చేది. లోపల ఆయన మాత్రం నల్ల కళ్ళజోడు పెట్టుకుని మహా సీరియస్సు.

ఓ రోజు పొద్దున్నే తెచ్చి షెడ్డులో పెట్టాడు. వెనక ఎడంవైపు బ్రేకు లైటు వెలగట్లేదు, ముందురోజు ట్రాక్టరోడు గుద్దేయబోయాడంట. “సాయంత్రానికి కావాలయ్యా. బాడీ మీద గీత పడిందో, నా లారీలు ఇంకో షెడ్డుకెళ్తాయి” అన్నాడు. మీ తాత ఊరుకోవచ్చుగా? “బల్బే కదండీ, పావుగంట” అన్నాడు. ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఆ కారు చేసినోడెవడో గానీ, బల్బు జన్మలో మాడదని ఒట్టేసుకుని చేసినట్టున్నాడు. బయట్నుంచి అద్దం ఊడదు. డిక్కీ లోపల మూలన రేకులో ఓ కన్నం ఉంది, అందులో చెయ్యి పెట్టి, పైకి వంచి, కంటికి కనపడకపోయినా తడుముకుంటా తియ్యాలి. ఎంత కన్నమనుకున్నావ్? ఇదిగో, ఈ గాజుకంటే కాస్త పెద్దది. అందులోకి మీ తాత చేటంత చెయ్యి తోసేశాడు. బల్బు ఊడింది, పిడికిట్లో పట్టుకున్నాడు, ఇంక చెయ్యి రాదు. వదిలేస్తేనేమో బల్బు రేకుల మధ్య పడి జన్మంతా గలగలలాడుద్ది, బాబుగారికి దొరికిపోతాం. పైగా మణికట్టుకి రాగి కడియం, కీళ్ళనొప్పులకి మంచిదని ఎవడో చెప్తే వేసుకున్నాడు. అది అవతల అడ్డం తిరిగింది.

పక్క షెడ్డు వెల్డింగాయన రేకు కోసేద్దామని కట్టరు పట్టుకొచ్చాడు. కోస్తే చెయ్యొస్తుంది, లారీలు పోతాయి. అప్పుడు గుర్తొచ్చానే నేను! రావద్దన్న మనిషి రమ్మని కబురెట్టాడు. నేనెళ్ళేసరికి డిక్కీలోంచి రెండు కాళ్ళు, ఓ లుంగీ, అంతే కనపడుతున్నాయి.

మా గాజుల పనిలో ఓ సంగతుంది. చెయ్యి నొప్పికి కాదు బిగుసుకునేది, భయానికి. అందుకే మేం కబుర్లు చెప్తాం, మీ పుట్టిల్లెక్కడమ్మా, కోడలు బాగా చూస్తుందా అని. మాటల్లో పడ్డారా, చెయ్యి మెత్తబడుద్ది. అప్పుడు బొటనవేలు లోపలికి మడిచి తోసెయ్యడమే.

సబ్బు నురుగు పోసి, “మావా, ఒకసారి నవ్వు” అన్నాను. “చస్తుంటే నవ్వేంటే” అన్నాడు. దాంతో మా పెళ్ళి సంగతి తీశాను. మెట్టెలు తొడిగేటప్పుడు తల వంచుకుని, నా కాలనుకుని మా మేనత్త కాలు పట్టుకున్నాడే! ఆవిడకి ఆనెలు. “ఇంత గరుగ్గా ఉందేంటి” అని పైకే అన్నాడు. ఆవిడేమో “నాకెప్పుడో అయిపోయింది నాయనా, అటు చూడు” అంది. ఇరవయ్యేళ్ళు ఆ ఊసెత్తనివ్వలేదు నన్ను. షెడ్డంతా వినేలాగ చెప్పేశాను. ముందు వెల్డింగాయన నవ్వాడు, తర్వాత డిక్కీలోంచి మీ తాత నవ్వు వినపడింది. చెయ్యి వదులైంది. కన్నం సందులోంచి వేలు దూర్చి కడియం సర్ది, బల్బు రెండు వేళ్ళ సందున పట్టించి, బొటనవేలు మడిపించి లాగేశాను.

కొత్త బల్బు నేనే పెట్టాను. మీ తాత పక్కన నిలబడి “నొక్కి తిప్పు, నొక్కి తిప్పు” అంటానే ఉన్నాడు. రెండోసారికి కూర్చుంది. చెయ్యి తీసేటప్పుడు రేకంచు గీరేసింది. అదీ ఈ గీత.

సాయంత్రం బాబుగారొచ్చి బ్రేకు తొక్కాడు, ఎర్రగా వెలిగింది. “ఎలా చేశావయ్యా?” అన్నాడు. మీ తాతేమన్నాడో తెలుసా? “అదో టెక్నిక్ అండీ.” నేను చేతికి గుడ్డ చుట్టుకుని అక్కడే ఉన్నాను. చెయ్యి సంగతటుంచు, కడుపు మండిపోయింది నాకు.

నెల తిరక్కుండా కుడివైపు బల్బు పోయింది. మీ తాత ఇంటికొచ్చి “ఏమే, ఓసారి షెడ్డుకి రా” అన్నాడు. “నీ టెక్నిక్ ఉందిగా, దాన్ని పిలువు” అన్నాను. కసిరాడు, బతిమాలాడు, అన్నం మానేస్తానన్నాడు. మానెయ్యమన్నాను. లారీలు పోతే నేనూ పస్తే, తెలుసు నాకు. అయినా లేవలేదు. గంటకి ఎర్రకారే మా సందులోకొచ్చింది. బాబుగారు దిగాడు, మీ తాత దిగాడు, సందంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తోంది. మీ తాత నేలచూపులు చూస్తా, “ఆ రోజు బల్బు వేసింది ఈవిడండి. నాకు చేతకాలేదు. నా చెయ్యి ఇరుక్కుంటే తీసింది కూడా ఈవిడే” అన్నాడు. బాబుగారు కళ్ళజోడు తీసి, “అయితే కొంచెం రామ్మా” అన్నాడు, అంతే. లారీలు ఎటూ పోలేదు. మర్నాటి నుంచి గంపతో సహా నేనూ షెడ్డులోనే. డ్రైవర్లు పెళ్ళాలకి గాజులు కొనేవాళ్ళు, సైజడిగితే తెల్లమొహం వేసేవాళ్ళు.

ఆ ఒక్క మాట కోసం అన్నాళ్ళూ ఎంత కుమిలిపోయానో మీ తాతకి ఎప్పుడూ చెప్పలేదు. నీకే చెప్తున్నాను.

రేపు ఆఫీసులో పని నువ్వు చేస్తావు, పక్కనోడెవడో “అదో టెక్నిక్ అండీ” అంటాడు. ఊరుకోకు తల్లీ. నేను చేశానని నువ్వే చెప్పు, గట్టిగా చెప్పు. చల్లగా ఉండు, నీ పని నీ పేరునే ఉండాలి... ఇదిగో, చూసుకో. పన్నెండూ ఎక్కేశాయి. తెలిసిందా నీకు? ఏదీ, ఆ రెండో చెయ్యి ఇవ్వు.