సిరా వదలని వేలు

చీనీ తోటలో గిలక లేని బావి ఉండాది చూడండి, పొద్దు వాలినంక గొర్రెలోళ్ళు గూడా చుట్టు తిరిగి పోతారే గాని దాని పక్కన నడవరు, ఆ బావి సంగతి చెప్తా ఈ పొద్దు. రేయ్, చేతులు ఆపద్దు, చెనిక్కాయలు ఒలుచుకుంటానే వినండి. గింజలు చాటలోకి పోవల్ల, నోట్లోకి కాదు.

ఆ తోట ఓబులేసుది. ఊర్లో ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడినా ఓబులేసు రావల్ల, గట్టు ఎక్కడ పెట్టాల, బర్రె ఎవరికి పోవాల, ముసలామెకు ఎవరు ముద్ద పెట్టాల, అన్నీ ఆయనే తెంచి చెప్పేటోడు, చెప్తే ఇంక దానికి తిరుగు లేదు. అట్లాంటి మనిషి సొంతింటి మాట ఎత్తితే మాత్రం తువ్వాల దులుపుకోని లేచిపోయేటోడు. ఆయన పెండ్లాం సుంకమ్మ, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పిల్ల పేరు మీద తోట రాసిపెట్టు అని ఎంత పోరిందో. దానికి ఆయన, మా నాయన వీలునామా రాసినాడు, ఆ ఏడు దసరా చూడలేదు, నన్ను గూడా పంపాలని ఉందా నీకు అని కసురుకున్నాడంట. అంట ఏంది, నా చెవులతో నేనే విన్నా. ఆ పిల్లను నేనే గదా.

మొగం అట్ల పెట్టద్దండి. నేను వాళ్ళకు పుట్టలేదు, సుంకమ్మ అక్క బిడ్డను. మా అమ్మ పోతే తెచ్చుకోని పెంచినారు, దత్తతకు కాగితం గూడా ఏమీ లేదు. ఆ తోటలో చెట్లన్నీ నేను కడవలతో నీళ్ళు మోసి బతికించినవే. ఇది నీదే లేమ్మా అని మా నాయన ఓబులేసు చెట్టు చెట్టు కాడా చెప్పేటోడు. చెట్ల ముందర చెప్తే ఏమొస్తాది చెప్పండి? అవి కచేరీకి వచ్చి సాక్ష్యం చెప్తాయా?

సుంకమ్మ పోయింది. ఆ తర్వాత ఒకనాడు పాదులు తీస్తా తీస్తా మా నాయన పడిపోయినాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయినాయి, మాట పోయింది, బుద్ధి మాత్రం ఎక్కడిదక్కడే ఉండాది. అన్నిటికన్నా పాడుది అదే. టౌనుకు తీసకపోదామని నేనంటే, మా నాయన అన్న కొడుకు మద్దిలేటి, నువ్వెవరు చెప్పనీకి, రక్తసంబంధం నాది అన్నాడు. డాక్టరు గూడా మద్దిలేటి మాటే విన్నాడు. తాను మంచాన పడితే ఎవరి మాట వినాల అని మా నాయన ముందుగా ఎవరికీ చెప్పి పెట్టలేదు మరి. ఇంట్లోనే పండబెట్టినారు. నేను గంజి తాపిస్తా ఉంటే ఆయన తోట దిక్కు చూసేటోడు, కండ్లెమ్మట నీళ్ళు కారేవి, నేను తుడిచేదాన్ని.

ఒక మాపటేళ మద్దిలేటి వాళ్ళ బామ్మర్దులను ఎంటేసుకోని వచ్చినాడు, ద్రాక్షపండ్లు గూడా తెచ్చినాడు, చిన్నాయనకు మంచినీళ్ళు తెచ్చిపో తులశమ్మా అని నన్ను ఆ తోట బావికి పంపినాడు. నేను కడవ ఎత్తుకోని వచ్చేతలికి వాళ్ళు లేరు. మా నాయన ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉండాది, నాలుగు వేళ్ళు లోపల, బొటనవేలు మాత్రం బయటికి పెరికినట్ల, నీలం సిరాతో. పిడికిలి ఎంత గట్టిగా పట్టినాడో పాపం, మణికట్టు కాడ కమిలిపోయి ఉండాది.

ఇంక ఆ పొద్దు నుంచి ఆయన ఆ వేలిని మంచం పట్టెకు రుద్దేది, రుద్దేది. చర్మం లేచిపోయింది గాని సిరా పోలే. అట్ల రుద్దుతానే పోయినాడు. పెద్దకర్మ కాంగానే మద్దిలేటి, తోట తనకు రాసిచ్చినట్ల ఆ వేలిముద్ర ఉన్న కాగితం చూపించినాడు, నేను నా కడవ ఎత్తుకోని తోటలో నుంచి బయటికి వచ్చేస్తి.

ఆ తర్వాతనే బావి కాడ శబ్దం మొదలైంది. దీపాలు పెట్టే యాళకు గట్టు రాయి మీద ఎవరో వేలు రుద్దుతా ఉన్నట్ల, గర గర, గర గర. కాపలా వాడు జొరమొచ్చి పండుకున్నాడు, చీనీకాయలు కోయనీకి కూలోళ్ళు రాలేదు, పండినవి పండినట్లే రాలి కుళ్ళినాయి. మద్దిలేటి పూజలు చేపిచ్చినాడు, ఏమీ కాలే.

నేను పోయినా. భయం లేదా అంటారేమో, ఉండాది. అయినా పెంచిన నాయన గదా, నాకేం చేస్తాడు? ఇత్తడి తోమేదానికి పెట్టుకున్న చింతపండు ఇంత ఉండ చేసి కొంగున కట్టుకోని పోయి గట్టు మీద కూచుంటి. శబ్దం ఆగింది. చల్లగా ఒక చెయ్యి వచ్చి నా ఒళ్ళో పడింది. చూస్తే ఆ వేలే. నేను చింతపండుతో రుద్దినా, చీకటి పడేదాకా రుద్దినా, ఏడుస్తా రుద్దినా. పోలే.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాయనా, ఈ ముద్ర ఏసినోళ్ళ మీద నాకు అంత కోపం లేదు, నీ చెయ్యి ఆడిన అన్నేండ్లూ ఒక సంతకం పెట్టకుండా కూచుంటివే, దాని మీదనే నా కోపం, ఊర్లో అందరి ఇండ్లూ సరిచేసి నన్ను బజారులో నిలబెడితివి గదా అన్నా. చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. నేను ఇంటి దోవ పడితి. వెనక మళ్ళా గర గర.

మీరు కూచున్న ఈ ఇల్లు నేను కూలికి పోయి కట్టుకున్నది. గోడలకు తడి ఆరకముందే నా బిడ్డ పేరు మీద రాయించినా, నేను మంచాన పడితే ఎవరి మాట వినాలో గూడా నలుగురిలో చెప్పి రాయించినా. అది జరిగి ఎన్నేండ్లో అయింది, యముడు ఇంకా రాలే, ఆయనకు మన వీధి తెలీదేమో.

సరే, చాటలు ఎత్తండి, పొద్దుపోయింది. ఆ బావి దిక్కు మాత్రం పోవద్దండి. ఆయప్ప ఎవర్నీ ఏమీ చెయ్యడు, వేలు ఒకటి ముందుకు పెడతాడు, అంతే. జాలిపడి చింతపండు గూడా తీసకపోవద్దు, దాంతో పోదు. నేను రుద్ది చూసినా.