పాతర మీది బండ

తాడు గట్ల గుంజకురా, దానికి కట్టిన నా కాలి వేలు తెగేటట్టున్నది! జర మెల్లగ గుంజితే సాలదా? బతికే ఉన్నవని తెలుస్తది. ఎద్దు పలుపు గుంజినట్టు గుంజవడ్తివి.

నోరు మాత్రం ఇప్పకు. మాట్లాడేది నేనే. మంద పోయిన కాడికెల్లి హన్మవ్వకు మతి లేదు, గోడతోటి మాట్లాడ్తది, గొర్రెతోటి మాట్లాడ్తదని ఊరంత అంటున్నరు గదా. అననియ్యి. గా పేరు గిప్పుడు అక్కరకొచ్చింది. బండ మీద కూసోని ఉన్ని వడుకుకుంట తనల తనే గొణుగుతున్నదని అనుకుంటరు. బండ కింద జొన్న పాతర్ల ఎల్లప్ప ఉన్నడని ఎవలనుకుంటరు?

ఇగో, ఆకిట్ల నా పెనిమిటి బీరయ్య, మా బిడ్డ శంకరమ్మ నాయిన, కూసున్నడు. గొడ్డలి ఒళ్లెనే ఉన్నది. పక్కన మా మరిది అంజిలయ్య. పొద్దుగాలకెల్లి ఊరంత దేవులాడి దేవులాడి వచ్చి అంబలి తాగుతున్నరు. ఎవని కోసమనుకున్నవ్? నీ కోసమే.

నిజాం సర్కార్ చేతులెత్తిందట. రజాకార్లు తలో దిక్కు ఉరికిన్రు. నువ్వెందుకు ఉరకలేదురా? ఖాకీ అంగీ ఇప్పి వాగుల పారేసి, తిరిగి తిరిగి మా ఇంటికే వస్తివి. సిగ్గన్న ఉండాలె.

మర్సిపోయిన అనుకున్నవా? మా కాడ జీతమున్నోనివి. మా సద్ది తిన్నోనివి. నాలుగెకరాలిస్తం, తుపాకి పట్టుకుంటే దొర గూడ నీ ముంగట నిలవడ్తడు అని రజాకార్లంటే మురిసిపోతివి. సరే, ఆ దొర కాడ తాతలనాటి సంది వెట్టి చేసినోళ్లు మీరు. నీ కడుపుమంట నీకుంటది. నేను కాదంటలే. మా జీవాలు ఏం జేసినయిరా నీకు?

మంద తోల్కపోను వచ్చిన దినం వాళ్లు కట్టెలు పట్టుకోని ఎంత అదిలించినా మంద అడుగు కదిలిందా? కొత్తోడు పిలిస్తే గొర్రె వస్తదా? నువ్వొచ్చి, నాలుక మడిచి, ఒక్క కూత పెడితివి. అంతే. పెద్ద పొట్టేలు ముంగట, మందంత దాని ఎన్క, నీ ఎంబడి నడిసిపోయినయ్. మా ఆయన మొకం సూసినవా గప్పుడు? వాళ్లు కట్టెలతోటి కొట్టినప్పుడు గూడ గట్ల కాలే ఆ మొకం.

గీ లడాయి ఏం లడాయో నాకైతే సమజ్ కాదు. మిలిటరీ షోలాపురం దిక్కుకెల్లి వచ్చిందట, ఇనుప బండ్లట, పెద్ద తొవ్వ పట్టుకోని పట్నం పోయిందట. మన ఊరి మొకం గూడ సూడలే. ఒక్క తోపు సప్పుడన్న ఇన్నమా మనం? మరి లడాయి ఏడ అయ్యింది? నా ఆకిట్ల అయితున్నది, ఇగో, గిప్పుడు.

ఏంది, మల్ల మల్ల గుంజుతున్నవ్? ఊపిరాడ్తలేదా?

దీపం దించి సూసినంకనే గదరా నిన్ను దింపిన. పాతర్ల దీపం ఆరితే మనిషి దిగొద్దని మా అత్త చెప్పేది. ఆరలే. నువ్వు, నేను కలిసి బండ జరిపితిమి, నువ్వు దిగితివి, సందు మీద గొంగడి పరిసి కూసుందామనుకుంటిని. అంత మంచిగనే ఉండె.

గీ మనిషి వచ్చి ఏం జేసిండు? "మొగులు కమ్మింది, జొన్నలు తడుస్తయ్, బండెందుకు తెరిసినవే" అనుకుంట, అంజిలయ్య ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు, నూకి మూసేసిన్రు. వద్దంటి. ఎందుకు వద్దే అన్నడు. ఏమని చెప్పాలె? తాడు పట్టేటంత సందు మిగిలింది, గంతే.

తాండూరు బండరా ఇది. నా ఒక్కదానితోటి అయితదా? వాళ్లు అటు తిరిగినప్పుడు నడుం పట్టేదాక నూకిన. బండ జొన్నగింజంతన్న కదలలే. కింద నుంచి నీ చెయ్యి అందదాయె.

నీ కాడ దీపం ఎల్గుకుంటనే ఉన్నదా? ఉంటే ఒకసారి గుంజు. ఆరితే రెండుసార్లు.

...రెండా?

నువ్వే ఊదినవా? ఊదితే ఒకసారి గుంజు, నా అయ్య గదా. దానంతటదే ఆరిందా? గుంజవేందిరా!

అయ్యో, ఏం జేతునే తల్లీ. పిలిస్తే ఆయన గొడ్డలి తీసుకోని వస్తడు. పిలవకుంటే నువ్వీడ్నే సస్తవ్. ఆయన నిన్ను నరికితే మిలిటరోళ్లు ఆయన రెక్కలిరిసి కట్టి తీస్కపోతరు. మీ అవ్వ భాగమ్మ వచ్చి నా కొడుకేడి అంటే నేనేం మొకం పెట్టుకోని చెప్పాలె? ఎటు జూసినా నాకే వచ్చింది సావు.

ఎందుకు దాసిన్నంటవా? మంద ఎటు తోలిన్రో నీకొక్కనికే ఎరుక, అందుకే. నీ మీద పాయిరం, ప్రేమ అనుకునేవు!

...అబద్ధం. ఇంటున్నవా, ఎల్లప్పా? అబద్ధమాడిన.

పోయిన నెల తాండూరు అంగడికి పోతే తోళ్ల కుప్ప కాడ సెవులు సూసిన. మన మందకు గుర్తుకని నా చేతితోటి కోసిన సెవి కోత నాకు తెల్వదా? పెద్ద పొట్టేలు తోలు గూడ ఉండె. మంద లేదు. ఎన్నడో కోసుక తిన్నరు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పలే. పొద్దుగాల లేసి ఖాళీ దొడ్డి ఊడుస్తడురా ఆయన, ఎప్పటికన్న వస్తయని. చెప్తే ఆ సీపురు గూడ పట్టడు.

మంద లేదని తెల్సినంక నిన్నెందుకు దాసిన? నాకే తెల్వదు. గోడ కాడ నిలవడి "అవ్వా" అంటివి. సద్ది పెడ్తానికి పిలిచినప్పుడు గట్లనే అనేటోనివి. తలుపు తీసిన, గంతే.

ఇగ ఇను. నిన్ను పైకి తీస్తే, మంద కన్నడపోళ్ల దిక్కున్నది, సేడం అవుతల, వచ్చి సూపిస్త అను. నేను గూడ గదే అంట. మంద మీద ఆశ ఉన్నన్ని దినాలు ఆయన నిన్ను ఏమనడు. తర్వాతది తర్వాత సూసుకుందాం. సమజైందా? ఒకసారి గుంజు.

గుంజురా.

ఎల్లప్పా, నోరిప్పు. ఇప్పుడు నోరిప్పినా ఏం గాదు. నేను గుంజుతున్న, నీ చేతికి కట్టిన తాడు బరువుగ వస్తున్నది. కొడకా!

ఓ శంకరమ్మ నాయినా! ఇటు రా! ఉరికి రా! అంజిలయ్యను గూడ తోల్కరా, ఈ బండ లేపున్రి! మన మంద ఏడున్నదో తెల్సినోడు ఈడున్నడు!

గొడ్డలెందుకయ్యా, అది ఆడనే పడెయ్యి. గడ్డపార తే, గడ్డపార!