మహాలక్ష్మమ్మ పొయ్యికి ఛుట్టీ

మీ తాత ఊరందరి పండగలకీ అక్కరకొచ్చినాడు, ఇంట్లో పండక్కి మాత్రం లేకుండా పోయినాడు. అదమ్మా జరిగిన తప్పు, ఇంకేటీ లేదు. ఏటలా చూస్తావు? ఆ ఫోను కిందపెట్టి ఇలా వచ్చి కూకో. విన్నాన్లే, నా చెవులు మందగించినాయి గానీ పూర్తిగా పోలేదు. "పర్లేదు దీదీ, ఆ రోజు మీ డ్యూటీ నేను చేసేస్తా, నాకింట్లో ఏం పని" అన్లేదూ నువ్వు? ఎవరు, ఆ సుష్మ దీదీయేనా? ఏ రోజుకి? కొత్త అమావాస్యకా, మన నూకాలమ్మ పండక్కా! శభాష్. పోయిన ఈద్‌కి ఆస్పత్రిలో నువ్వే, దుర్గాపూజకి నువ్వే, క్రిస్మస్‌కి నువ్వే. నీకు నర్సు ఉద్యోగం ఇచ్చారా, ఊళ్ళో వాళ్ళ పండగలు మోసే ఉద్యోగం ఇచ్చారా? ఆఁ, "చిన్న నాయనమ్మా, వాళ్ళింట్లో ఏదో ఫంక్షనట పాపం". అందరికీ ఏదో ఒకటి ఉంటాది పాపం. రత్తం ఎక్కడికి పోతాది, అచ్చం మీ తాత గవరయ్య. నీకు మీ నాయనమ్మ పోలిక ఒక్కటీ రాలేదు, అదీ నా ఏడుపు.

మహాలక్ష్మమ్మ నాకు తోటికోడలని పేరే గానీ అక్కకన్నా ఎక్కువ, అత్తకన్నా ఎక్కువ భయం. నువ్వామెని చూసే ఉంటావు గానీ గుర్తుండదు, అప్పటికి నువ్వింకా పలక కూడా పట్టలేదు. మనిషి ఇంతే ఉండేది, నా భుజం దాకా. స్కూలు హాస్టల్లో వంట. అరవైమంది పిల్లలకి రెండు పూటలా. ఆ అన్నం గుండిగ దింపుతుంటే చూడాలి, గుండిగ పెద్దదా ఈవిడ పెద్దదా అని. హాస్టలుకి ఛుట్టీ, అదే సెలవు, పండగలప్పుడే. పిల్లలు ఇళ్ళకెళ్ళిపోతారు కదా. అంటే ఏడాదంతా గరిటె తిప్పిన మనిషికి పండగ రోజొక్కటే నడుం వాల్చుకునే రోజు. వాల్చుకుందా? ఆ మాటకే వస్తున్నా, తొందరపడకు.

మీ తాత బాంబూఫ్లాట్ బోటు మీద లస్కరు. జెట్టీకి ఆనేటప్పుడు తాడు విసిరేవాడు, బయల్దేరేటప్పుడు విప్పేవాడు. ఇటు మన ఒడ్డు బాంబూఫ్లాట్, అటు పట్నం ఒడ్డు చాథమ్, మధ్యన ఉన్నది పావుగంట నీళ్ళు. ఆ పావుగంట నీళ్ళ మీదే ముప్పైరెండేళ్ళు గడిపేసినాడు. మరి బోటుకి పండగుండదు కదమ్మా. ఆఫీసులకి సెలవొస్తే జనం ఇళ్ళల్లో కూర్చుంటారేటి? కొత్త బట్టలేసుకుని బోటెక్కుతారు. చుట్టాలిళ్ళకని, అబర్డీన్ బజార్‌కని, ఊరికే గాలికని. పండగనాడు మామూలు రోజుకి రెండింతల జనం. అందుకని బోటువాళ్ళు వాళ్ళలో వాళ్ళు బదిలీ పెట్టుకున్నారు. కాయితం లేదు, సంతకం లేదు, నోటిమాటే. క్రిస్మస్‌కి రాంచీవాడు తిర్కీ ఇంట్లో ఉండిపోతే అతని పని ఇంకొకడు చేస్తాడు. ఈద్‌కి మొయిదీను, పూజకి బిశ్వాస్, పొంగల్‌కి మురుగేశన్. మంచి ఏర్పాటే, నేను కాదన్ను. అయితే ఆ ఇంకొకడు ఎవడంటావు? ప్రతిసారీ మీ తాతే! "భయ్యా" అని ఒకడు, "దాదా" అని ఒకడు, "అణ్ణా" అని ఇంకొకడు. పిలుపు ఏ భాషదైనా ఈయన "హా హా, నువ్వెళ్ళు" అనీవాడు. మరి మన పండక్కి వాళ్ళని అడగొచ్చు కదా? నోరు రాదు. పైగా మన నూకాలమ్మ తల్లి సర్కారువారి సెలవుల లిస్టులో లేదు. క్రిస్మస్ ఉంది, ఈద్ ఉంది, గురునానక్ ఉన్నాడు, మన తల్లి లేదు. సరంగు, అదే బోటు నడిపీ పెద్ద, ఏమనీవాడంటే, "గవరయ్యా, లిస్టులో లేని పండగ పండగెలా అవుతాదయ్యా?" ఈయన నవ్వీసి ఊరుకునీవాడు. నవ్వడానికేముంది అందులో?

ఇదిలా ఉంటే ఆ నలుగురూ చెడ్డవాళ్ళు కారు, అదింకో తలనొప్పి. చేసిన మేలు మర్చిపోయే రకం కాదు. పండగయ్యీసరికి పళ్ళెం వచ్చేసేది. మొయిదీను ఇంట్నుంచి బిరియానీ, తిర్కీ వాళ్ళ అరిసె రొట్టెలు, బిశ్వాస్ పెళ్ళాం చేసిన కొబ్బరుండలు, పొంగల్ గిన్నె. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఈ దీవుల్లో ఎవరింట్లోనైనా అదే రివాజు. మహాలక్ష్మమ్మ గారెలు వేసేది, బూరెలు వండేది, పులిహోర కలిపేది. క్రిస్మస్ పళ్ళేనికి గారెలు, ఈద్ పళ్ళేనికి బూరెలు. ఆయన ఒక డ్యూటీ చేసి వచ్చి పడుకునీవాడు, ఈవిడ మూకుడు ముందు కూర్చునేది. నేను పిండి రుబ్బీదాన్ని, నాకేం తప్పింది? ఒకసారి నూనె తుళ్ళి ఆమె చెయ్యి ఇక్కణ్ణించి ఇక్కడికి బొబ్బలెక్కిపోతే ఏమన్నాదో తెలుసా? "రత్నం, హాస్టల్లో అరవైమంది దేవుళ్ళకి వండితే జీతం ఇస్తారే. ఇంటికొస్తే నలుగురు దేవుళ్ళు, జీతం లేదు." నేను నవ్వేను. ఆమె నవ్వలేదు.

మీ నాన్న బాబ్జీకి ఐదేళ్ళప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. తొమ్మిది రోజులు కళ్ళు తెరవలేదు. వేపాకులు పరిచి పడుకోబెట్టి, పక్కన కూర్చుని మహాలక్ష్మమ్మ మొక్కుకుంది. "తల్లీ, పిల్లడు లేచి తిరిగితే కొత్త అమావాస్యకి నేనూ మా ఆయనా ఇద్దరం కలిసి నీ ఘటం ఎత్తుతాం" అని. ఇద్దరం అని నొక్కి మరీ అన్నాది, నేను విన్నాను. పిల్లడు లేచినాడు. తర్వాత మొదటి ఏడాది ఈయన డ్యూటీ. రెండో ఏడాది డ్యూటీ. మూడో ఏడాది మురుగేశన్‌కి జ్వరమట, మళ్ళీ డ్యూటీ. నాలుగో ఏడాది ఆమె అన్నం కంచం ముందు పెట్టి చెయ్యి తియ్యలేదు. "తల్లికి బాకీ పడ్డాం. ఈసారి నువ్వు నోరు విప్పి అడుగుతావా, నేనే జెట్టీకొచ్చి అడగనా?" అన్నాది. అడిగినాడు పాపం, మొత్తమ్మీద. తిర్కీ "అరే, ఇదో పెద్ద విషయమా! ఎనిమిది గంటలకి నేనొచ్చి ఎక్కుతాను, నువ్వు పూజ చేసుకో" అన్నాడు. పక్కా అయిపోయింది.

ఆ రోజు చెప్తా విను. హాస్టలుకి సెలవు పెట్టి, పొద్దున్నే మీ తాతకి తలంటింది ఆమే. పాదాలకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కొత్త పంచె కట్టించింది. పెళ్ళికొడుకులా ఉన్నాడు, నలభయ్యేళ్ళవాడు! ఘటం పదింటికి లేస్తాది. ఏడయ్యీసరికి గుమ్మంలో బిశ్వాస్. "గవరయ్య దాదా, జహాజ్ లగ్ గయా!" కలకత్తా ఓడ వచ్చేసిందట, అందులో బామ్మర్ది దిగుతున్నాడట, మూడేళ్ళయ్యిందట చూసి. ఓడ వచ్చిందంటే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ పండగే, నేనూ ఒప్పుకుంటాను. ఇతనికేమో ఎనిమిది దాకా డ్యూటీ. "బస్ ఏక్ ట్రిప్, దాదా. నేనటు దిగిపోతా, నువ్వు బోటు తెచ్చీ, ఎనిమిదికి తిర్కీ వచ్చేస్తాడు కదా." ఒక్క ట్రిప్పు! ఈయన మహాలక్ష్మమ్మ వైపు చూసినాడు. ఆమె ఏం మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే వద్దని అర్థం, పదేళ్ళు కాపరం చేసిన మనిషికి ఆ మాత్రం తెలీదేటి? "ఇదిగో, వచ్చేస్తా" అని పసుపు కాళ్ళతో వెళ్ళిపోయినాడు.

ఇప్పుడు చూడు తమాషా. ఎనిమిదికి తిర్కీ చెప్పినట్టే జెట్టీకి వచ్చినాడు. పాపం, మాట తప్పే మనిషి కాడు. వచ్చి చూస్తే ఏముంది, బోటు మీద మీ తాత తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక ట్రిప్పు తెచ్చినా సరంగు ఆగలేదు, బోటు అప్పటికే ఇంకో ట్రిప్పుకి జెట్టీ వదిలేసింది. తిర్కీ ఏమనుకోవాలి? "ఓహో, గవరయ్య భయ్యా వచ్చేసినాడు, పూజ రేపేమో" అనుకున్నాడు. ఇన్నేళ్ళూ ఏ పండగనాడు చూసినా బోటు మీద కనపడిన మొహం అదే కదమ్మా, వేరేగా ఎందుకనుకుంటాడు? గాలం తీసుకుని చేపలకి వెళ్ళిపోయినాడు. ఇంకెక్కడి తిర్కీ! లస్కరు లేకుండా బోటు కదలకూడదని సరంగు, జెట్టీ మీద నాలుగొందల మంది జనం. మీ చిన్న తాత, అదే మా ఆయన, పరిగెత్తుకెళ్ళి జెట్టీ మీంచి "అన్నా! అన్నా!" అని అరిస్తే ఈయన చెయ్యూపి "తిర్కీని రానీ!" అంటాడు. ఆ తిర్కీ ఏ రాయి మీద కూర్చున్నాడో ఎవడికి తెలుసు? ఫోన్లా పాడా?

పదయ్యింది. డప్పులు మొదలైపోయినాయి. పూజారిణి కాళమ్మ ఆలస్యం చెయ్యకూడదన్నాది. "మొగుడి కండువా భుజాన వేసుకో అమ్మా, ఆయనున్నట్టే, తల్లి ఒప్పుకుంటాది" అన్నాది. మీ నాయనమ్మ ఆ కండువా వైపు చూసి, "నేను కండువాతో మొక్కుకోలేదు" అన్నాది. అయినా ఏం చేస్తాది? వేసుకుంది. ఒక్కతే ఎత్తుకుంది. నేను పక్కన దీపం పట్టుకుని నడిచేను. ఊరేగింపు జెట్టీ పక్క రోడ్డు మీంచే వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే బోటు వచ్చి ఆనుతోంది. బోటు మీద జనమంతా దణ్ణాలు పెట్టేరు. వాళ్ళ మధ్యలోంచి, తాడు చంకలో ఇరికించుకుని, మీ తాత కూడా దణ్ణం పెట్టినాడు మహానుభావుడు! సొంత పెళ్ళాం మోస్తున్న ఘటానికి, దారినపోయే దానయ్యలాగ. ఆమె చూసింది. అడుగు తడబడలేదు, తల మీద ఘటం కదా. చూసిందంతే.

రెండింటికి ఇంటికొచ్చినాడు. చేతిలో పళ్ళెం. బిశ్వాస్ బామ్మర్ది కలకత్తా నుంచి తెచ్చిన సందేశ్ మిఠాయి అట. మహాలక్ష్మమ్మ తీసుకుంది. మీ నాన్నకి రెండు పెట్టింది, నాకొకటి పెట్టింది, తనొకటి తిన్నాది. బాగుందని కూడా అన్నాది. తర్వాత ఆ పళ్ళెం కడిగి, తుడిచి, ఆయన చేతిలో పెట్టి "ఇచ్చీసి రా" అన్నాది. ఆయన పళ్ళెం వైపు చూస్తాడు, ఆమె వైపు చూస్తాడు. "ఖాళీగానా?" అన్నాడు. "బోటుకి పండగ లేదు కాబట్టి నీకు పండగ లేదు. సరే. నా పొయ్యికి మాత్రం ఉంది. ఇవాళ్టి నుంచి ఏ దేవుడి పండగైనా సరే, ఆ రోజు ఈ పొయ్యికి ఛుట్టీ" అన్నాది. అరవలేదు, ఏడవలేదు. నేను కోపం, నాలుగు రోజులు ఉంటాదిలే అనుకున్నాను. నాది తెలివితక్కువ.

ఊరంతా నవ్వింది, తర్వాత తిట్టింది. వచ్చిన పళ్ళెం వచ్చినట్టు తళతళా మెరుస్తూ వెనక్కి పోతోంది! మొయిదీను పెళ్ళాం నన్ను రేషన్ లైన్లో ఆపి "ఏం, మా ఇంటి మీద కోపమా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనెళ్ళి అక్కతో "పోనీ రెండు గారెలు నేను వేసిస్తానే" అంటే "వేసుకో, నీ పొయ్యి మీద" అన్నాది. అయితే ఒకటి జరిగింది. ఖాళీ పళ్ళేలు నాలుగు పండగలు తిరిగేసరికి ఆ ఆడవాళ్ళు మొగుళ్ళకి చెప్పినట్టున్నారు, "గవరయ్య భయ్యాని అడక్కండి, ఆ ఇంట్లో ఏదో అయ్యింది" అని. అడగడం మానేసినారు. వాళ్ళలో వాళ్ళే సర్దుకున్నారు. చూసేవా, సర్దుకోగలరు! ఇన్నేళ్ళూ సర్దుకోగలిగినవాళ్ళే! పండగపూట మీ తాత ఇంట్లోనే కూర్చున్నాడు, తెల్ల పంచె కట్టుకుని. పొయ్యిలో పిల్లి పడుకుంది. మహాలక్ష్మమ్మ తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, హోటల్ ఇడ్లీ తింటోంది.

మరుసటి ఏడు ఇద్దరూ కలిసే ఘటం ఎత్తినారు. మొక్కు తీరిపోయింది. ఇంటికొచ్చి మీ తాత బతిమాలినాడు, "తల్లే శాంతించింది, ఇంక నువ్వు కూడా పొయ్యి వెలిగించవే" అని. "మొక్కు వేరు, ఛుట్టీ వేరు" అన్నాది. ఇంక చేసేదేముంది, ఆయనే నేర్చుకున్నాడు. మొదట్లో అన్నం మాడ్చీవాడు, పప్పులో ఉప్పు ఉండేది కాదు. ఆమె వంక పెట్టకుండా తినీది, సాయమూ చేసీది కాదు. "ఇంగువ ఎక్కడుందే?" అంటే కూర్చున్నచోటు నుంచి వేలు చూపించేది. రిటైరయ్యేసరికి బూరెలు నా కంటే బాగా వండీవాడు, చెప్పుకుంటే సిగ్గు.

ఏటి, నవ్వుతున్నావు? నవ్వు. ఆ సుష్మకి మళ్ళీ ఫోన్ చేస్తావా లేదా, అది చెప్పు ముందు. తర్వాత కాదు, ఇప్పుడే. మీ నాయనమ్మకి ఆఖరి ఏడాది నిలబడ్డానికి కూడా ఓపిక లేదు. కొత్త అమావాస్య వచ్చింది. మీ అమ్మ మధులత పొయ్యి మీద పాలగిన్నె పెట్టి, అగ్గిపెట్టె చేతికిచ్చి, "అత్తయ్యా, శుభం కదా, ఒక్కసారి మీ చేత్తో వెలిగించండి" అన్నాది. నేనక్కడే ఉన్నాను, ఇప్పుడు కాదనదులే అనుకున్నాను. పెట్టె తీసుకుంది. ఆడించి చూసింది, పుల్లలున్నాయో లేవోనని. గోడ పట్టుకుని లేచి, తీసుకెళ్ళి మీ తాత చేతిలో పెట్టి, వచ్చి మళ్ళీ కూర్చుంది. ఇరవయ్యైదేళ్ళమ్మా. ఒక్క పండగనాడూ అగ్గిపుల్ల గియ్యలేదు.